మూడు నిమిషాల సినిమా చాలు

సర్కారు బడి పిల్లలకు ఇంగ్లిష్ కంటికి తెలిసినంతగా చెవికి తెలియదు. పాఠం చదువుతారు, ప్రశ్నలకు జవాబులు రాస్తారు, గైడులోని వ్యాసం బట్టీ పడతారు. ఆ భాషలో ఇద్దరు పోట్లాడుకుంటేనో, బేరమాడుకుంటేనో వినే అవకాశం మాత్రం ఊళ్ళో దొరకదు. తరగతిలో సినిమా చూపించాలనే వాదనకు బలమంతా ఇక్కడుంది. తెలంగాణ 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులిచ్చింది, ఆ తర్వాత హైస్కూలు గదుల్లో పెద్ద డిజిటల్ తెరలు బిగించింది. సామగ్రికి కొదవ లేదు. దాంతో ఏం చేయాలన్నదే ఇంకా తేలలేదు.

తెరను నమ్మేవాళ్ళకు భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ అండ. అర్థమయ్యే మాట చెవిన పడుతూ ఉంటే భాష దానంతటదే వస్తుందని 1980ల్లో ఆయన గట్టిగా వాదించాడు. సినిమాలో మాటకు ముఖం, చెయ్యి, సందర్భం తోడుంటాయి కనుక తెలియని పదం కూడా సగం తెలిసిపోతుంది. అది నిజమే. హిందీ పండిట్ దగ్గర రాని హిందీ సినిమాల్లోంచి వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది లేరు!

అయితే కెనడా అనుభవం వేరే మాట చెబుతుంది. అక్కడ ఇంగ్లిష్ ఇళ్ళ పిల్లలు ఏళ్ళ తరబడి ఫ్రెంచిలోనే పాఠాలు విన్నారు. విన్నది బాగానే అర్థం చేసుకున్నారు. మాట్లాడబోతే, రాయబోతే తప్పులు పోలేదు. భాష రావాలంటే వినడం చాలదు, నోరు తెరిచి తంటాలు పడాలి అని భాషావేత్త మెరిల్ స్వెయిన్ 1985లో రాసింది ఈ పిల్లల్ని చూసే. వాళ్ళకు బడివేళలో సగమైనా ఆ భాషలోనే గడిచేది, మనకున్నది ముప్పావుగంట పీరియడ్. రెండు గంటల సినిమా వేస్తే మూడు పీరియడ్లు పోతాయి, ఒక్క పిల్లవాడూ ఒక్క వాక్యం మాట్లాడడు. తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే మరీ అన్యాయం: కళ్ళు అక్షరాల వెంట పరుగెడతాయి, చెవులు సెలవు తీసుకుంటాయి.

అందుకే పూర్తి సినిమాకు నేను వ్యతిరేకిని, ముక్కకు కాదు. ఇంగ్లిష్ తరగతికి మాటల్లేని సినిమాయే మహా బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. చాప్లిన్ తీసిన 'ది కిడ్' 1921 నాటిది. పిల్లవాడు రాయి విసిరి కిటికీ అద్దం పగలగొడతాడు, కాసేపటికి చాప్లిన్ అద్దాలు మోసుకుంటూ అటుగా వస్తాడు. పోలీసు కనపడగానే తెర ఆపి 'తర్వాత ఏం జరుగుతుంది?' అని ఇంగ్లిష్‌లో అడగండి. వెనక బెంచీలోంచి కూడా జవాబు వస్తుంది. కావలసిన పదాలు పదికి మించవు, చెప్పాలన్న ఆత్రం మాత్రం బోలెడు. డిగ్రీ పిల్లలకైతే 1957లో వచ్చిన '12 యాంగ్రీ మెన్' నుంచి ఐదు నిమిషాలు చాలు. కథంతా దాదాపు ఒకే గదిలో సాగుతుంది. మర్యాదగా విభేదించడం ఎలాగో అక్కడ వినవచ్చు.

చట్టం అడ్డొస్తుందేమోనని జంకనక్కరలేదు. చూసేవాళ్ళు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే ఉంటే బోధనలో భాగంగా సినిమా వేయడానికి 1957 కాపీరైటు చట్టం మినహాయింపు ఇచ్చింది.

తెర ఉన్నంత మాత్రాన పాఠం నిలబడదని మనకు ముందే తెలుసు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు అందాయి. అందులో మన ఊళ్ళూ ఉన్నాయి. ఉపగ్రహం అమెరికాది. ఏడాది కాగానే దాన్ని వాళ్ళు వెనక్కి తీసుకున్నారు, ఆ ప్రసారాలూ ఆగిపోయాయి. ఇప్పటి తెరలకూ మరమ్మతు చూసేవాళ్ళు, ముందురోజు క్లిప్పు ఎంచుకునే తీరిక ఉన్న టీచరు లేకపోతే గతి అంతే.

ఇంత చెప్పాక కూడా హెడ్‌మాస్టరు అడిగే ప్రశ్న ఒకటి మిగులుతుంది: 'దీనికి మార్కులొస్తాయా?' ఆయన తప్పేం లేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్ష. సినిమా మీద వచ్చే అభ్యంతరాలన్నిటిలోకీ నాకు బరువుగా తోచింది ఇదే. కొత్త తెరలు కొనే ముందు రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఆ ఇంగ్లిష్ పరీక్షలో పది మార్కులైనా విని జవాబు చెప్పడానికి కేటాయించాలి.