వేలం పాటలో ఆటగాని వెల

చెడుగుడు మన పల్లెల ఆటే. కాని ఇప్పుడు కూతకు కూడా ధర కడుతున్నారు. సిద్ధార్థ్ దేశాయ్ సంగతే చూడండి. 2018లో రూ. 36.40 లక్షలకు యు ముంబాలో చేరి రెండు వందలకు పైగా రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. 2019లో మన తెలుగు టైటాన్స్ వారు రూ. 1.45 కోట్లు పోశారు. మళ్ళీ రెండు వందలు దాటించాడు. 2021లో 1.30 కోట్లు పలికాడు గాని, భుజం గాయంతో ఆదిలోనే ఆగిపోయాడు. 2022లో అదే జట్టుకు 20 లక్షలకే! 2023లో హర్యానా వారు తిరిగి కోటి ఇచ్చారు.

ఒక్క ఏడాదిలో మనిషి అంత పడిపోయి, మరుసటేడు అంత లేచాడా? లేదు. వేలం పాట పోయినేటి ఆటకు వెల కడుతుంది, అంతే.

బెంచీ మీద కూర్చున్నవాడు పాయింట్లు తేడన్నది నిజమే. అయితే ఏడుగురు మీదపడి లాగే ఆటలో గాయం ఆటగాని నేరం కాదు. కనుక ఒప్పందంలో కొంత సొమ్ము ఖాయంగా, కొంత ఆడిన మ్యాచ్‌లను బట్టి ఉండాలి. వైద్యం, విశ్రాంతి జట్టే భరించాలి.

ఒక దింపులో కాయ తగ్గిందని చెట్టు కొట్టేసే రైతు మన కోనసీమలో లేడు. ఎరువు వేసి మరో దింపు కోసం చూస్తాడు. ఆపాటి ఓర్పు మనిషి పట్ల ఉండవద్దా?