కుక్క దురదకు వెంట్రుకల టెస్ట్ వద్దు, ఎనిమిది వారాల ఓపిక చాలు

కిందటి వీడియోలో మా చేను కాపలా కుక్క గోక్కోవడం చూసి కొందరు ఒక సలహా ఇచ్చారు. ఆన్‌లైన్‌లో అలర్జీ కిట్ దొరుకుతుందట. నాలుగు వెంట్రుకలు కవర్‌లో పెట్టి పంపితే ఏ తిండి పడదో, ఏ మొక్క పడదో పెద్ద లిస్టు వస్తదట. నా మాట సూటిగా చెప్తున్నా: ఆ డబ్బులు పెట్టొద్దు.

2019లో బ్రిటన్ పశువైద్యుల పత్రిక ఒకదాంట్లో దీని మీద పరిశోధన వచ్చింది. అలర్జీ ఉన్న కుక్కవి, లేని కుక్కలవి వెంట్రుకలు, లాలాజలం టెస్ట్‌కు పంపారు. వాటితో పాటు బొమ్మ బొచ్చు, సెలైన్ నీళ్లు కూడా పంపారు. బొమ్మకు, కుక్కకు రిపోర్టులో తేడా తెలియలేదు. బొమ్మాబొరుసు వేసినట్టే ఉంది ఫలితం.

ఇలాంటి వాటికి మనమే ముందు పడిపోతాం. "నాచురల్" అనే మాట కనిపిస్తే చాలు నమ్ముతాం. మందుల షాపాయన కొత్త డబ్బా చూపిస్తే మాత్రం వంద ప్రశ్నలు అడుగుతాం. ఆ ప్రశ్నలే ఇక్కడా అడగాలి.

అసలు పడకపోవడం రెండు రకాలు. పాలు తాగితే విరేచనాలు పట్టడం అరుగుదల సమస్య. ఏడాది పొడుగునా దురద, చెవుల్లో పుండ్లు, కాళ్లు నాకుడు ఉంటే అలర్జీ కావచ్చు. కానీ మన నల్గొండ, పాలమూరు చేలల్లో తిరిగే కుక్కకు ముందు చూడాల్సింది తిండి కాదు. గోమార్లు, గజ్జి. వేళ్ల సందులు, చెవులు, తోక మొదలు వెతకండి. పశువుల డాక్టర్‌తో చర్మం గీకించి మైక్రోస్కోపు కింద చూపించండి.

ఒక హెచ్చరిక. దురద ఉంది కదా అని అగ్నిఅస్త్రం కుక్క మీద కొట్టొద్దు. అందులో పొగాకు, వెల్లుల్లి, పచ్చిమిర్చి ఉంటాయి. కుక్క ఒళ్లు నాక్కుంటది. పొగాకు దానికి విషం, వెల్లుల్లి రక్తాన్ని దెబ్బ తీస్తది. ఉల్లిగడ్డ వేసిన కూర కూడా అంతే. పంటకు పనికొచ్చిందల్లా ప్రాణికి పనికిరాదు.

తర్వాత గట్ల మీద వయ్యారిభామ. మనుషులకు, పశువులకు చర్మం మీద దద్దుర్లు తెచ్చే మొక్క ఇది. గొర్ల మంద పెట్టించినప్పుడు మందతో వచ్చే కుక్కలు కూడా దాంట్లోనే పడుకుంటాయి. పొట్ట కింద, గజ్జల్లో, బొచ్చు తక్కువున్న చోటే ఎర్రబడితే దీన్నీ అనుమానించండి. పూత రాకముందే చేతికి గ్లౌజులు వేసుకుని పీకేయండి.

ఇవన్నీ చూశాక కూడా దురద తగ్గకపోతే అప్పుడు తిండి టెస్ట్. దానికి ల్యాబ్ అక్కర్లేదు. కుక్క ఇంతవరకు తినని మాంసం ఒకటి, గింజ ఒకటి తీసుకోండి. ఎప్పుడూ చికెన్ వేస్ట్, పెరుగన్నం తినే కుక్క అయితే ముల్లు తీసి ఉడికించిన చెరువు చేప, కొర్రన్నం పెట్టొచ్చు. కుక్కల్లో ఎక్కువగా పడనివి గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడి మాంసం, గోధుమ అని పరిశోధనలు చెప్తున్నాయి. ఎనిమిది వారాలు ఆ రెండే పెట్టాలి. బిస్కెట్ వద్దు, దావత్ బొక్కలు వద్దు. ఊరు తిరిగే కుక్కను ఆ రెండు నెలలు షెడ్డు దగ్గరే పొడుగు తాడుతో కట్టాలి. పిల్ల కుక్క, ఈనిన కుక్క అయితే డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండి.

తగ్గితే సంబరపడి అక్కడే ఆపొద్దు. పాత తిండి ఒక్కొక్కటి మళ్లీ పెట్టి చూడండి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తే దొంగ దొరికినట్టే. జీవామృతం పని చేస్తుందా లేదా తెలియాలంటే నాలుగు సాళ్లు పోయకుండా వదిలి పోల్చి చూస్తాం కదా, ఇదీ అదే.

డాక్టర్లు చేసే చర్మ పరీక్ష, రక్త పరీక్ష వేరు. దుమ్ము, పుప్పొడి పడట్లేదని లక్షణాలను బట్టి తేలాక, ఏ ఇంజెక్షన్ కోర్సు ఇవ్వాలో చూడటానికి అవి పనికొస్తాయి. తిండి విషయంలో రక్త పరీక్షను కూడా నమ్మలేం.

ఇంత ఓపిక ఎవరికి ఉంటది అనొచ్చు. కిట్ లిస్టు చూసి ఇరవై రకాల తిండి మాన్పిస్తే కుక్క చిక్కిపోతది. లోపలున్న గజ్జి అట్లనే ఉంటది, పిల్లలకూ అంటుకోవచ్చు. నష్టం అక్కడుంది.

ఒక నోట్‌బుక్‌లో తేదీ, తిండి, దురద ఎంతో రాసుకోండి. ఎనిమిది వారాలు పూర్తి చేసినవాళ్లు ఏం తేలిందో కింద రాయండి. తగ్గకపోయినా సరే, అది కూడా నలుగురికీ పనికొచ్చే సమాచారమే.