పసిబిడ్డ పేగులూ, తల్లి కూలీ

గుంటూరు జిల్లాలో మిరప కోతలప్పుడు ఒక ఆరోగ్య సమావేశానికి వెళ్లాను. తల్లిపాలతోపాటు డబ్బాపాలూ పడితే బిడ్డ పేగుల్లో మేలుచేసే బాక్టీరియా తగ్గిపోతుందని డాక్టరమ్మ వివరించారు. మూడు నెలల బిడ్డ తల్లి ఒకామె లేచింది. "కాయ కోసిన చేతుల్తో బిడ్డని ముట్టుకుంటే ఒళ్లంతా మండుద్ది. కూలేమో కిలోల లెక్క. నేనొచ్చేదాకా మా అత్త డబ్బాపాలే పడతది. ఏం చెయ్యమంటారు మేడమ్?" అంది. ఎవరూ జవాబివ్వలేదు.

డాక్టరమ్మ చెప్పింది తప్పు కాదు. బిడ్డ అరిగించుకోలేని ఒక రకం చక్కెరలు తల్లిపాలలో ఉంటాయి. అవి బిఫిడో బాక్టీరియాకు తిండి. ఆ బాక్టీరియా పెరిగి పేగులో ఆమ్లగుణాన్ని పెంచుతుంది, విరేచనాలు కలిగించే క్రిములను నిలదొక్కుకోనివ్వదు. పోతపాలు కలిస్తే పేగులోని పొందిక డబ్బాపాల పిల్లల పొందికకు దగ్గరవుతుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అంతమాత్రాన ఆ తల్లి ఇచ్చే పాలు వృథా కాదు. ఎంత తాగితే అంత మేలు. ఈ ముక్క సమావేశాల్లో చెప్పరు. బెదిరింపు విని, ఎలాగూ చెడిపోయిందిగా అని పూర్తిగా మానేసిన తల్లుల్ని నేనెరుగుదును.

మనలో కొందరికి తల్లిపాల మాటెత్తితేనే అనుమానం. మాతృత్వాన్ని పొగిడి ఆడవాళ్లని ఇంట్లో కూర్చోబెట్టిన చరిత్ర ఉంది కాబట్టి అది సహజమే. అయినా ఈ సైన్సుని వదులుకోకూడదంటాను. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలంటే ఆరు నెలలు తల్లి బిడ్డ దగ్గరుండాలి, ఇల్లు గడవాలి. 2017 సవరణ మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవిచ్చింది. యాభైమంది పనిచేసేచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. మిరపచేనుకి ఇవేవీ వర్తించవు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రసూతి సాయం 6 వేలకు తగ్గకూడదంటే, 2017లో వచ్చిన మాతృ వందన యోజన మొదటి కాన్పుకి 5 వేలు చేసింది. ఆరు నెలలకు పంచితే రోజుకి 28 రూపాయలు కూడా కాదు!

ఆ సమావేశానికి తల్లుల్నే పిలిచారు. రైతునీ, ముఠా మేస్త్రీనీ పిలవలేదు. తర్వాత సంఘం ఆడవాళ్లతో కలిసి మేమే వాళ్ల దగ్గరకెళ్లాం. గట్టుమీద నీడ, చేతులకి నూనె, సబ్బు, నీళ్లు, బాలింతలకి కిలోల లెక్క కాక రోజు కూలి అడిగాం. నూనెకీ సబ్బుకీ రైతు ఒప్పుకున్నాడు. కూలి దగ్గర మాత్రం బేరం తెగలేదు.