అరువదేండ్ల మతి

హిందీలో ‘సఠియానా’ అను క్రియ యొకటి కలదు. సాఠ్ అనగా అరువది. అరువదేండ్లు నిండినవానికి మతి తప్పినదని ఆ మాటకు భావము. అనువాదములో ఇది ఎదురైనప్పుడెల్ల నా కలము ఆగును. నలుబదికి చూపు మందగించుటను మనము చత్వారమందుము. అరువదికి మాత్రము షష్టిపూర్తి చేసి దంపతులను పీటలపై కూర్చుండబెట్టుదుము. ఇందుకు గర్వింపనక్కఱలేదు, చాదస్తమను మాట మనకును ఉన్నది. కేంద్రప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 1962లో 55 నుండి 58కి, 1998లో 58 నుండి 60కి పెరిగినది. వారి మతియు ఆ ఉత్తర్వులను చూచుకొని ఆగినదనుకొనవలెనా?

వయస్సు మాట అటుంచుదము. అంతకంటె హానికరమైన అభిప్రాయమొకటి విద్యావంతులలో వ్యాపించియున్నది. కలము పట్టినవాని బుద్ధి ముదిమిలోను నిలుచుననియు, చేతిపని చేసినవాని బుద్ధి మొద్దుబారుననియు వారు తలంతురు. పైగా శాస్త్రమును సాక్ష్యమునకు పిలుతురు. ఆ సాక్షి చెప్పినదేమో చూతము.

అమెరికాలో మెల్విన్ కోన్, కార్మి స్కూలర్ అను ఇరువురు 1964లో ఉద్యోగములు చేయుచున్న పురుషులను ప్రశ్నించి, 1974లో వారిలో కొందఱిని మరల ప్రశ్నించిరి. 1994–95లో స్కూలర్ బృందము వారిని ముదిమిలో మూడవమాఱు కలిసికొనెను. చేతిలోనున్నది కలమా, సుత్తియా అని మాత్రమే చూచి వీరు ఊరకుండలేదు. పనిలో ఆలోచనకును, స్వంత నిర్ణయమునకును ఎంత చోటున్నదో దానిని కొలిచిరి. అట్టి చోటుగల పని బుద్ధికి చుఱుకుదనమిచ్చుననియు, వయస్సు మళ్లినవారిలో ఆ ప్రభావము మఱింత హెచ్చుననియు తేల్చిరి. స్కాట్లండులో 1936లో పుట్టి, పదునొకండవ ఏట బుద్ధిపరీక్షకు కూర్చున్నవారిని డెబ్బదియేండ్ల ప్రాయమున మరల పరీక్షించిరి. క్లిష్టమైన పనులు చేసినవారే మెఱుగుగా నుండిరని 2014లో ప్రకటించిరి. కాని చిన్ననాటి తెలివిని లెక్కలోనికి తీసికొన్న పిమ్మట, పనివలన మిగిలిన లాభము స్వల్పము. ఇది నా వాదమునకు అంత అనుకూలము కాదు, ఐనను దాచను. పుట్టిన తెలివిని మనము మార్పలేము, పనిని మార్పగలము. ఆ స్వల్పమే నాకు చాలును.

ఇప్పుడు పోచంపల్లికి పోవుదము. అచ్చట చిటికి నేతలో పూవు మగ్గముపై పుట్టదు. నేతకు ముందే నూలును లెక్కప్రకారము ముడులు కట్టి రంగులద్దుదురు. ఏ పోగుపై ఎచ్చట ముడి పడిన, మగ్గమెక్కిన పిదప ఏ రంగు ఏ రంగును కలిసికొనునో నేతగాడు ముందుగనే ఊహింపవలెను. ఒక ముడి జరిగిన పూవు చెదరును. నా బంధువర్గములో ఒక గుమాస్తా ఉండెడివారు. ముప్పది రెండేండ్లు ఒక రిజిస్టరులోని అంకెలను వేఱొక రిజిస్టరులోనికి ఎక్కించిరి. తప్పు కంటబడినను పైయధికారి అనుమతి లేనిదే దిద్దరాదు. చేతిలో కలమైతే ఉండెను. ఈ ఇద్దఱిలో బుద్ధితో పనిచేసినవాడెవడో పాఠకులే చెప్పవలెను.

చేనేతను ఆకాశమునకెత్తుట నా యుద్దేశము కాదు. ఆ నేతగాని ఇంటిలోనే స్త్రీ ఆసు పోసెడిది. మేకుల చుట్టును పోగును పైకి క్రిందికి, ఒక్క చీరకు వేలమార్లు, చేతితో త్రిప్పవలెను. అందులో ఆమె నిర్ణయింపవలసినదేమియు లేదు. భుజము నొప్పి మాత్రము ఆమెది. చింతకింది మల్లేశం తన తల్లి పడిన బాధను చూచి 1999లో ఆసు యంత్రమును కనిపెట్టి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చితిమి, మంచిదే. అంతకు పూర్వము తరతరములుగా ఆ మేకుల చుట్టు తిరిగిన స్త్రీల బుద్ధి ముదిమిలో ఏమైనదని మాత్రము ఎవరును అడుగలేదు.

మన దేశములో అరువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా అను మతిమఱపు వ్యాధి కలదని 2023లో ప్రకటింపబడిన అంచనా. అది స్త్రీలలోను, పల్లెలలోను, చదువురానివారిలోను హెచ్చు. చూచితిరా, చేతిపని చేయువారే కదా అని ఆ విద్యావంతులు వెంటనే అందురు. మూయబడిన బడితలుపును, బ్రతుకంతయు ఒరుల ఆజ్ఞకు లోబడిన పనిని లెక్కపెట్టక, తప్పంతయు చేతి ఖాతాలో వ్రాయుట ఎక్కడి న్యాయము? హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక ఫలితమును ప్రకటించిరి. ఒకే భాష వచ్చినవారికంటె రెండు భాషలు వచ్చినవారికి వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ వచ్చినది. చదువురానివారిలోను ఈ తేడా కనబడినది. అక్షరము రానివారు రెండవ భాషను బడిలో నేర్వలేదు కదా! అంగడిలో, పనిచోట, ఇరుగుపొరుగున నేర్చియుందురు. రెండు భాషలపై బ్రతుకువాడను గనుక దీనిని పట్టుకొంటినని నవ్వుదురేమో, నవ్వుకొనుడు.

ఆసుపత్రిలో వృద్ధుల మతిని పరీక్షించునప్పుడు వృత్తి అను గడిలో ఒక్క మాట వ్రాయుదురు: కూలి, గృహిణి, రిటైర్డు. స్వంత చేలో ఏ విత్తనము దాచవలెనో, ఏనాడు చల్లవలెనో నలుబదియేండ్లు తానే తేల్చిన ముసలమ్మయు, ఆసు పోసిన ముసలమ్మయు అచ్చట గృహిణులే. ఆ గడి ప్రక్కన మఱియొక గడి గీయుడు. ఈమె చేసిన పనిలో నిర్ణయమెవరిది అని అందులో అడుగుడు.