నెమో దుఃఖము

బాల్యమున జూల్ వెర్న్ 'సముద్రగర్భమున ఇరువదివేల లీగులు' నవలను చేతబట్టిన పాఠకునికి కావలసినది నావ యొక్కటియే. సముద్రగర్భమున విద్యుచ్ఛక్తితో సంచరించు నాటిలస్‌ను చూచి విస్మయపడుటయు, దక్షిణధ్రువప్రాంతపు మంచుగోడల నడుమ చిక్కుకొన్న ఆ నావలో ప్రాణవాయువు తరిగిపోక మునుపే దారి దొరకునా యని ఊపిరి బిగబట్టి పుటలు త్రిప్పుటయు తప్ప, దానికి నాయకుడైన నెమో యెవరు, మానవలోకమును అతడేల త్యజించెను అను చింత ఆ వయస్సున కలుగదు. కలుగకుండుట దోషమును కాదు. సంసారపు బరువు మోసి, ఆప్తులను కొందరిని పోగొట్టుకొని, అదే గ్రంథమును మరల తెరచినవానికి మాత్రము నావకంటె నావికుడే ముఖ్యుడగును.

1870లో పూర్తిగా వెలువడిన ఆ నవలలో సింహళతీరపు ఘట్టమును నిదానముగా చదువుడు. ముత్యపుచిప్పలకై నీట మునిగిన నిరుపేద భారతీయుని పైకి సొరచేప రాగా, నెమో బాకు చేతబట్టి దానికెదురేగి, తానే ప్రాణాపాయమున పడి, నావలో బందీయైన తిమింగలవేటగాడు నెడ్ లాండ్ ఈటెపోటువలన బ్రతికి బయటపడును. తెలివి వచ్చిన ఆ బీదవాని చేతిలో అతడొక ముత్యాల సంచిని ఉంచి మరలిపోవును. పిదప కథకుడైన ప్రొఫెసర్ అరొనాక్స్‌తో, తానును పీడితుల పక్షమువాడనే యని చెప్పును. బాలుడు సొరచేపను చూచినంతగా ఆ సంచిని చూడడు.

గ్రంథాంతమున ఏ దేశపుదో తెలియని యుద్ధనౌకను నాటిలస్ చీల్చి ముంచివేయును. అంతటి ఘోరమొనర్చిన నెమో తన గదిలోనికి పోయి, ఒక యువతియు ఇద్దరు శిశువులును గల చిత్రపటమునకు చేతులు చాచి, మోకరిల్లి, వెక్కి వెక్కి యేడ్చును. అతనిని క్షమింపవలెనో శిక్షింపవలెనో వెర్న్ చెప్పలేదు. ఆ భారము మనదే. అది పసివారు మోయదగిన భారము కాదు.

వెర్న్ తొలుత నెమోను రష్యా దౌర్జన్యమున కుటుంబమును కోల్పోయిన పోలండు కులీనునిగా భావించెను గాని, ప్రచురణకర్త హెట్జెల్ అందుకు సమ్మతింపకపోవుటచే నాయకుని జన్మదేశము మరుగుననే యుండిపోయినది. 1875లో ముగిసిన 'మర్మద్వీపము' అను తన మరియొక నవలలో మాత్రము అతడు బుందేల్‌ఖండు రాజకుమారుడైన డక్కర్ అనియు, పదియేండ్ల ప్రాయమున ఐరోపాకు పంపబడి సకలవిద్యలు నేర్చి 1849లో స్వదేశమునకు మరలివచ్చెననియు, 1857 నాటి తిరుగుబాటున ఖడ్గమెత్తి, అది అణగారిన పిదప కొద్దిమంది అనుచరులతో పసిఫిక్ సముద్రపు నిర్జనద్వీపమున నాటిలస్‌ను నిర్మించెననియు తెలియును. ఈ రెండు నవలల కాలగణనకు పొత్తు కుదరదు. కుదరకున్నను నాకు పట్టింపు లేదు. మన దేశపు ఓటమిని ఒక ఫ్రెంచి రచయిత ఇంతటి సహానుభూతితో తన కథకు కేంద్రము చేయుట సామాన్యమైన విషయము కాదు. కింగ్‌స్టన్ పేర వెలువడిన 'మర్మద్వీపము' నాటి ఆంగ్లానువాదమున, ఆంగ్లేయులపై నెమోకు గల ద్వేషమును తెలుపు భాగములు మార్చివేయబడినవి; దానిని చదివిన భారతీయునికి తన దేశపు గాయమే మెత్తబడిన రూపమున చేరినది.

వెర్న్ వ్రాసినదంతయు నేటికి రుచించునని నేననను. అరొనాక్స్ సేవకుడు కొన్సేయ్ వల్లించు మత్స్యజాతుల పట్టికలు ఏ వయస్సువారికైనను విసుగు పుట్టించును. అయినను, ఇట్టి గ్రంథములను పిల్లల సంక్షేపములకే వదలివేయుట అన్యాయము; సంక్షేపమున సొరచేప మిగులును, నెమో పోవును. బాల్యమున వీనిని చదివినవారు ఇప్పుడొకమారు సంపూర్ణపాఠమును తెప్పించుకొని చదువవలెననియు, మన ప్రచురణకర్తలు ఈ రెండు నవలలను ఫ్రెంచి మూలమునుండియే, ఒక్క పంక్తియు విడువక, తెలుగున వెలువరింపవలెననియు నా విన్నపము.