ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లోగో వచ్చింది. కింద చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. ఇంకేం కదలదు. ఉప్పల్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల షాపుకి తీసుకెళ్తే తరచుగా వినపడే మాట: "ఫార్మాట్ కొట్టాలి సార్." కొట్టొచ్చు. కానీ అది చివరి మందు.

ముందు ఒకటి గమనించండి: ఎక్కడ ఆగింది?

చుక్కలు కూడా రాకుండా కంపెనీ లోగో దగ్గరే ఆగితే, విండోస్ ఇంకా మొదలే కాలేదు. పెన్‌డ్రైవ్, డాంగిల్, ఛార్జర్ అన్నీ పీకేసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. అయినా కదలకపోతే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చెక్ చేయించాలి. చుక్కల దగ్గర ఆగితే ముందు డ్రైవర్ మీదో, అప్‌డేట్ మీదో అనుమానపడాలి. లాగిన్ అయ్యాక ఆగితే స్టార్టప్ యాప్స్ సంగతి చూడాలి.

మొన్న నాచారంలో మా పక్కింటి బీటెక్ ఫైనల్ ఇయర్ తమ్ముడిది రెండో కేసు. ప్రాజెక్టంతా డెస్క్‌టాప్ మీదే ఉంది, బ్యాకప్ లేదు. "అన్నా, పొద్దున రివ్యూ ఉంది. ఫార్మాట్ కొడితే అన్నీ పోతయంట" అన్నాడు.

చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కి ఆపేశాం. అలా రెండు మూడుసార్లు చేస్తే విండోసే రిపేర్ స్క్రీన్ చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే లిస్టులో 4 నొక్కితే సేఫ్ మోడ్. మధ్యలో 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. తమ్ముడి మొహం పాలిపోయింది. ఫోన్‌లో తన మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే కీ అక్కడే ఉంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లగానే మొదటి పని ప్రాజెక్టుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. ఆ తర్వాతే డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పాత వెర్షన్‌కి తిప్పాం. రీస్టార్ట్ చేస్తే మామూలుగానే ఆన్ అయింది.

ఇదే కథ పెద్ద స్కేల్‌లో 2024 జూలై 19న జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్‌లో తప్పు దొర్లి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయి. చాలావాటికి బ్లూ స్క్రీన్ దాటి ముందుకెళ్లడమే కుదరలేదు. మన శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. దానికి విరుగుడు కూడా ఫార్మాట్ కాదు: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, చెడిపోయిన ఆ ఒక్క ఫైల్ తీసేయడం. బిట్‌లాకర్ ఉన్న మెషీన్లకి ఒక్కోదానికీ కీ వెతకాల్సి రావడంతో ఆ పని ఇంకా ఆలస్యమైంది.

ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్ రోజూ ఆగిపోతున్నా, ఫైళ్లు తెరుచుకోడానికి నిమిషాలు పడుతున్నా, హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమంటున్నా ఇలాంటి ప్రయోగాలు వద్దు. డిస్క్ చివరి దశలో ఉండొచ్చు. వీలైతే డేటా కాపీ చేసుకుని ఆపేయండి. షాపులో ఇచ్చేటప్పుడు "డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు" అని రసీదు మీద రాయించుకోండి.

ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే చేయాల్సినవి రెండే. బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ముఖ్యమైన ఫోల్డర్‌కి ఇంకో కాపీ వేరే చోట ఉంచండి. పది నిమిషాల పని, ఈ రాత్రికే కానిచ్చేయండి.