పంట పండని ఇసుకలో... పుట్టిన ఆట!

అంతర్వేది దగ్గరో ఓడలరేవు దగ్గరో కొబ్బరితోటలు దాటి సముద్రంవైపు నడిస్తే ఇసుక దిబ్బలు ఎదురవుతాయి. వరికి పనికిరాని నేల. సరుగుడో జీడిమామిడో వేసుకోవాల్సిందే. ఇలాంటి ఇసుకమీదే, స్కాట్లాండ్ తూర్పు తీరంలో గోల్ఫ్ ఊపిరి పోసుకుంది. సముద్రానికీ పొలాలకూ నడుమ ఉండే ఆ గడ్డి దిబ్బలను అక్కడివాళ్లు 'లింక్స్' అంటారు.

మనకు గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆటే. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. అంతకన్నా ముందే, 1829లో, కోల్‌కతాలో రాయల్ కలకత్తా క్లబ్ వెలిసింది. రెండూ తెల్లదొరల కాలానివే. కానీ ఆట పుట్టినచోట కథ వేరు. 1457లోనే స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌ను నిషేధించింది. జనం ఈ ఆటలో పడి విలువిద్య సాధన మానేస్తున్నారట!

కుందేళ్లతో యుద్ధం

లింక్స్‌లో అందరూ చూడాలనుకునేది సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్. గోల్ఫ్‌కు 18 గుంతలన్న లెక్క వచ్చింది ఇక్కడినుంచే. 1764 దాకా ఇక్కడ ఒక ఆటకు 22 గుంతలు ఉండేవి. ఈ మైదానంలో ఆడుకునే హక్కు ఊరివాళ్లకు ఉందని 1552 నాటి పత్రమే చెబుతోంది.

అయితే 1797లో అప్పుల్లో మునిగిన పురపాలక మండలి ఈ నేలను వ్యాపారుల చేతిలో పెట్టింది. వాళ్లు అక్కడ కుందేళ్లు పెంచారు. మైదానమంతా బొరియలే! ఊరు ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. కుందేళ్లను చంపుకోవచ్చని 1805లో తీర్పు వచ్చింది. 1821లో గోల్ఫ్ అంటే ఇష్టమున్న ఒక భూస్వామి ఆ నేలను కొని ఆటను నిలబెట్టాడు. చివరికి 1894లో పార్లమెంటు చట్టంతో మైదానం మళ్లీ ఊరిదైంది. దాదాపు వందేళ్ల పోరాటమన్నమాట.

అందుకే ఇప్పటికీ ఆదివారాలు ఓల్డ్ కోర్స్‌లో మామూలుగా ఆట ఉండదు. ఆ రోజు పిల్లలూ పెద్దలూ, కుక్కల్ని తోలుకొచ్చేవాళ్లూ హాయిగా పచ్చికమీద తిరుగుతారు. కర్ర పట్టడం రానివాళ్లు కూడా పక్కనే ఉన్న 'హిమాలయాస్'లో ఆడుకోవచ్చు. పేరు చూసి కంగారుపడక్కర్లేదు. ఎగుడుదిగుడు గడ్డిమీద బంతిని మెల్లగా గుంతలోకి నెట్టే చిన్న మైదానమది. 1867లో ఏర్పడ్డ మహిళల క్లబ్బుది. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడొచ్చు.

మేకలు చెప్పే వాతావరణం

ఐర్లాండ్ పశ్చిమ తీరంలో అట్లాంటిక్ గాలిదే రాజ్యం. అడ్డుకునే చెట్లుండవు. బంతిని ఎత్తుకు కొడితే గాలి ఎటు తీసుకుపోతుందో తెలియదు, నేలబారుగా కొట్టాలి. 1892లో మొదలైన లాహించ్ క్లబ్బులో మేకలే వాతావరణ శాఖ! అవి క్లబ్బు భవనం దగ్గరకు చేరితే వానొస్తుందని ఆటగాళ్లు గొడుగులు తీస్తారు. ఆ మేకకు క్లబ్బు చిహ్నంలోనే చోటిచ్చారు. 1893 నాటి బాలీబునియన్‌లోనైతే మొదటి గుంత దగ్గరే పాత శ్మశానం! దారితప్పిన బంతిని వెతకడానికి గుండెధైర్యం కావాలి.

సముద్రం ముందుకొస్తే...

ఇసుకమీద పుట్టిన ఆటకు ముప్పూ సముద్రం నుంచే. స్కాట్లాండ్‌లోని మాంట్రోజ్ ప్రపంచంలోని అతి పాత మైదానాల్లో ఒకటి. అక్కడ అలలు తీరాన్ని కోసుకుంటూ లోపలికొస్తుంటే ఆటస్థలాన్ని వెనక్కి జరుపుకోవాల్సి వచ్చింది. ఉప్పాడ తీరాన్ని చూసినవారికి ఆ బాధ వివరించి చెప్పనక్కర్లేదు. దిబ్బా, దానిమీది గడ్డీ ఉన్నంతకాలం కెరటం దూకుడు కాస్త తగ్గుతుంది. పంట పండకపోయినా ఆ ఇసుక ఊరికి కాపలా కాస్తుంది.

వెళ్లాలంటే...

ఎడిన్‌బరా నుంచి రైల్లో లూకర్స్ చేరి, అక్కడి నుంచి బస్సులో సెయింట్ ఆండ్రూస్ వెళ్లొచ్చు. మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది. ఓల్డ్ కోర్స్‌లో ఆడాలనుకుంటే రెండు రోజుల ముందు లాటరీలో పేరివ్వాలి. బ్రిటన్, ఐర్లాండ్ వేర్వేరు దేశాలు కాబట్టి వీసా నిబంధనలు ముందే చూసుకోవడం మంచిది. ఆట చూడాలంటే మిగతా ఏ రోజైనా సరే, ఆ పచ్చికమీద నడవాలంటే మాత్రం ఆదివారమే వెళ్లాలి!